విదేశాల్లో ఉన్న డెవలపర్‌కి మన సిస్టమ్ యాక్సెస్ భద్రంగా ఇవ్వడం ఎలా?

కర్నూలులో ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ చూసుకునే చిన్న కంపెనీ మీది అనుకోండి. కోడ్ రాసేవాడు పోలండ్‌లో ఉన్నాడు, పని అర్జెంటు, సర్వర్ పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆదోని నుంచీ ఎమ్మిగనూరు నుంచీ వచ్చిన రోగుల రిపోర్టులన్నీ ఆ సర్వర్‌లోనే ఉంటాయి.

అసలు డేటా డెవలపర్ కంట పడకుండా చూడటమే మొదటి పని, నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. వేరే టెస్ట్ సర్వర్ పెట్టి, కల్పిత పేర్లు, నంబర్లతో నింపి ఇవ్వండి, చాలా పనులు దాని మీదే అయిపోతాయి. అసలు డేటాబేస్ కాపీ తీసి పేర్లు మాత్రం మారిస్తే సరిపోదు, ఊరు, వయసు, జబ్బు, అడ్మిట్ అయిన తేదీ కలిపి చూస్తే మనిషెవరో తెలిసిపోతుంది, చిన్న ఊళ్లలో అయితే మరీను.

పనిలో పెట్టుకునే ముందు వీడియో కాల్‌లో మాట్లాడండి, పాత క్లయింట్లను మీరే విచారించండి. 2024లో నోబీఫోర్ అనే సెక్యూరిటీ శిక్షణ కంపెనీయే దొంగ గుర్తింపుతో వచ్చిన ఉత్తర కొరియా మనిషికి ఉద్యోగం ఇచ్చేసింది, వాడు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఎక్కించబోతుంటే పట్టుకుంది.

తర్వాత ఎవరి అకౌంట్ వాళ్లకు ఇవ్వండి. టీమ్ మొత్తానికి ఒకే లాగిన్ అయితే రేపు ఏం జరిగినా ఎవరు చేశారో తేలదు. ఎస్సెమ్మెస్ ఓటీపీ బదులు పాస్‌కీ (ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండి, వేలిముద్రతోనో పిన్‌తోనో పనిచేసే డిజిటల్ తాళంచెవి) పెట్టండి, ఓటీపీని దొంగ సైట్‌లో కొట్టించి కాజేయొచ్చు, పాస్‌కీ అసలు సైట్‌లో తప్ప పనిచేయదు.

లైవ్ సర్వర్‌లోకి వెళ్లక తప్పనప్పుడు వీపీఎన్ (ఇంటర్నెట్‌లో బయటివాళ్లు చూడలేని దారి) దాటి ఒక జంప్ సర్వర్ (లోపలికి వెళ్లేవాళ్లంతా ముందు దాటాల్సిన కాపలా సర్వర్) మీదుగా వెళ్లాలి, మీ వైపు ఒకరు ఓకే చెప్పాలి, గంటో రెండు గంటలో అయ్యాక యాక్సెస్ దానంతటదే పోవాలి. పోలండ్‌లో సాయంత్రం ఆరంటే మనకు వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర, ఆ టైమ్‌లో ఓకే చెప్పేదెవరో ముందే అనుకోండి.

మెయిన్ బ్రాంచ్‌లోకి, అంటే అసలు సాఫ్ట్‌వేర్‌కి వాడే కోడ్‌లోకి, ఇంకొకరు చూడకుండా కోడ్ వెళ్లకూడదు. ఏపీఐ కీలు (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదాన్ని వాడుకోవడానికి ఇచ్చే రహస్య కీలు) కోడ్‌లో రాయనివ్వకండి.

లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో చెప్పే రికార్డులు, డెవలపర్ చెరపలేని చోట పెట్టండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం వాటిని 180 రోజులు ఉంచాలి, చొరబాటు లాంటిది జరిగితే తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకు చెప్పాలి.

కాంట్రాక్ట్ అయిపోయిన రోజే వీపీఎన్, గిట్ (కోడ్ దాచుకునే చోటు), క్లౌడ్, టీమ్ చాట్ అన్నిట్లో అతని అకౌంట్ ఆపేసి, అతను చూసిన ప్రతి కీ, ప్రతి పాస్‌వర్డ్ మార్చేయండి.