పీఏ (పబ్లిక్ అడ్రస్) సౌండ్ సిస్టమ్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల అపార్ట్‌మెంట్లలో ఉగాదికో శ్రీరామనవమికో తెలుగువారు కార్యక్రమం పెట్టుకున్నప్పుడు సౌండ్ సిస్టమ్ సాధారణంగా అద్దెకే వస్తుంది. తెచ్చిన మనిషి వైర్లు కలిపి, ఒకసారి మైకు పరీక్షించి, మరో కార్యక్రమానికి వెళ్లిపోతే ఆ తర్వాత వచ్చే ప్రతి ఇబ్బందినీ నిర్వాహకులే చూసుకోవాలి. సిస్టమ్ చిన్నదైనా పెద్దదైనా ధ్వని నడిచే దారి ఒకటే: మైకు, కేబుల్, ధ్వనులన్నిటినీ కలిపే మిక్సర్, వాటిని పెంచే ఆంప్లిఫైయర్, స్పీకర్. లోపాన్ని ఈ దారి వెంటే వెతకాలి, ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. కంగారులో నాలుగు నాబ్‌లు తిప్పేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు కాబట్టి, అదే లోపం పది నిమిషాల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు పని మొదటికొస్తుంది.

అసలు శబ్దమే రావడం లేదు

మైకులో మాట్లాడుతూ మిక్సర్ మీద ఆ ఛానల్ లైటును గమనించాలి. అది వెలుగుతుంటే లోపం మిక్సర్‌లోనో ఆ తర్వాతో ఉంది, వెలగకపోతే మైకు వైపున ఉంది. మైకు వైపున అయితే వరుసగా మైకు స్విచ్, కేబుల్, మిక్సర్‌లోకి వచ్చే మైకు ధ్వనిని పెంచే గెయిన్ నాబ్ చూడాలి. కండెన్సర్ మైకు అయితే మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మిక్సర్ కేబుల్ ద్వారా మైకుకు పంపే కరెంటు) వేయనిదే పనిచేయదు. అవతలి వైపున అయితే మ్యూట్ బటన్, మెయిన్ ఫేడర్ (పైకీ కిందికీ జరిపే వాల్యూమ్ మీట), ఆంప్లిఫైయర్ వాల్యూమ్ చూస్తే చాలావరకు దొరికిపోతుంది.

ఆరుబయట హార్న్‌లు కట్టినప్పుడు శబ్దం మరీ పీలగా వస్తుంటే ఆంప్లిఫైయర్ వెనక టెర్మినళ్లు చూడాలి. లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న హార్న్‌ను 100 వోల్టుల టెర్మినల్‌కు కలపాలి. 4 లేదా 8 ఓమ్‌ల టెర్మినల్‌కు కలిపితే శబ్దం పీలగానే ఉంటుంది. దీనికి తలకిందులుగా, ట్రాన్స్‌ఫార్మర్ లేని మామూలు 8 ఓమ్‌ల బాక్సును 100 వోల్టుల టెర్మినల్‌కు కలిపితే కాయిల్ కాలిపోవచ్చు, కాబట్టి ఈ పరిశీలన ఆంప్లిఫైయర్ ఆపేసిన తర్వాతే చేయాలి.

మైకు కూత పెడుతోంది

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే సమస్య ఇదే, అందరూ తప్పుగా పరిష్కరించేదీ ఇదే. స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి దూరి, ఇంకా పెరిగి, మళ్లీ స్పీకర్ నుంచి రావడం వల్ల కూత పుడుతుంది. స్పీకర్లు మైకు కన్నా వెనక ఉంటే అవి నేరుగా మైకులోకే కొడతాయి. అందుకని వాటిని వేదికకు ముందు, రెండు పక్కలా, మైకు గీత దాటించి, ప్రేక్షకుల వైపు తిప్పి పెట్టాలి.

స్థానం సరిగ్గా ఉన్నా కూత వస్తుంటే మైకుకూ నోటికీ మధ్య దూరం చూడాలి. పంచాంగ శ్రవణాన్నే తీసుకోండి. పంతులుగారు స్వస్తివాచకం చెప్పేటప్పుడు తల నిటారుగా ఉంటుంది, మైకు నోటికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. పంచాంగం తెరిచి రాశిఫలాలు చదవడం మొదలుపెట్టగానే తల పుస్తకం మీదికి వంగి, ఒక పక్కకు తిరిగి, ఆ దూరం 40 సెంటీమీటర్లు అవుతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ మైకుకు అందే ధ్వని దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి ఇక్కడ తగ్గింది 12 డెసిబెల్స్. వెనక వరుసలో ఎవరో వినపడటం లేదని చెయ్యి ఊపుతారు, ఫేడర్ పైకి వెళుతుంది, కూత మొదలవుతుంది. ఇక్కడ మార్చవలసింది ఫేడర్‌ను కాదు, మైకును: వంగిన తలకు సరిపోయేలా పుస్తకం అంచు పక్క నుంచి, అడ్డంగా చాచే చెయ్యి ఉన్న బూమ్ స్టాండ్‌తో మైకును నోటి వైపు ఎక్కుపెట్టాలి, లేదా తలకు తగిలించుకునే హెడ్‌సెట్ మైకు ఇవ్వాలి.

పాడే పిల్లలు మైకు జాలీని పిడికిలితో మూసి పట్టుకుంటారు. అలా మూస్తే, ముందు నుంచి వచ్చే ధ్వనినే ఎక్కువగా తీసుకోవలసిన మైకు అన్ని వైపులనుంచీ తీసుకోవడం మొదలుపెడుతుంది. కాడ పట్టుకోవడం ఒక నిమిషంలో నేర్పవచ్చు. వాడని మైకులను కూడా మ్యూట్ చేసి ఉంచాలి, ఎందుకంటే ఆన్‌లో ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైతే కూత రాకుండా పెంచగలిగే స్థాయి 3 డెసిబెల్స్ తగ్గుతుంది.

ఇవన్నీ చేశాకే, హెచ్చు తగ్గు స్వరాల స్థాయిని బ్యాండ్‌లుగా విడివిడిగా మార్చే ఈక్వలైజర్ జోలికి వెళ్లాలి. జనం రాకముందే వాల్యూమ్ మెల్లగా పెంచుతూ, గింగురుమనడం మొదలైన చోట ఆగి, ఆ స్వరానికి సంబంధించిన బ్యాండ్‌ను 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించాలి. మూడు నాలుగు బ్యాండ్‌లు తగ్గించాక ఆపేయడం మంచిది. అంతకు మించితే గొంతు గుడ్డ కప్పినట్టు వినిపిస్తుంది.

శబ్దం పెద్దగానే ఉంది, మాట తెలియడం లేదు

క్లబ్‌హౌస్ అంటే నేల టైల్స్, గోడలు గాజు. స్పీకర్ నుంచి వచ్చిన మాట వాటికి తగిలి తిరిగివచ్చి, తర్వాతి మాట మీద పడుతుంది. ఇలాంటి చోట వాల్యూమ్ పెంచితే ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది. స్పీకర్లను స్టాండ్ల మీద, కూర్చున్నవారి తలల కన్నా ఎత్తులో, గాజు గోడల వైపు కాకుండా కుర్చీల వైపు కొద్దిగా వంచి పెట్టాలి. మాటల మైకు ఛానల్‌లో లో-కట్ బటన్ నొక్కితే 80 నుంచి 100 హెర్ట్జ్ కిందనున్న గుబగుబ పోతుంది. మిక్సర్‌లో ఎకో ఎఫెక్ట్ ఆన్‌లో ఉంటే ప్రసంగాలప్పుడు నిర్దాక్షిణ్యంగా ఆపేయాలి.

హాలు పొడవుగా ఉంటే ముందున్న బాక్సులనే గట్టిగా మోగించడం కన్నా మధ్యలో ఇంకో చిన్న జత పెట్టడం మేలు. అయితే ధ్వని ఒక మీటరు నడవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి 15 మీటర్ల వెనక పెట్టిన జతకు దాదాపు 45 మిల్లీసెకన్ల డిలే ఇవ్వాలి, లేకపోతే వెనకవారికి ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. ఆరుబయట అయితే వాల్యూమ్‌కు చట్టం కూడా హద్దు పెట్టింది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడకూడదు, నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్.

గుయ్‌మనే మోత ఆగడం లేదు

లాప్‌టాప్ కలిపినప్పుడే ఈ మోత మొదలైతే దాని చార్జర్ తీసి చూడాలి. మోత ఆగిపోతే, లాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య ఎర్త్ రెండు దారుల్లో కలిసి ఒక చుట్టు ఏర్పడిందని అర్థం. రెండింటినీ ఒకే ప్లగ్ పాయింట్ నుంచి నడపడం మొదటి ఉపాయం, మధ్యలో డీఐ బాక్స్ (లాప్‌టాప్ ధ్వనిని మిక్సర్‌కు సరిపోయేలా మార్చే చిన్న పెట్టె) పెట్టి, ఆడియో కేబుల్‌లోని ఎర్త్ దారిని విడదీసే దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేయడం శాశ్వత పరిష్కారం. ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేస్తే మోత పోతుందని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి. పరికరంలో ఏదైనా లోపం వచ్చిన రోజున 230 వోల్టులు మైకు లోహపు కాడ దాకా వచ్చి, దాన్ని పట్టుకున్న వ్యక్తి ప్రాణం తీయగలవు.

పాట వస్తోంది, గాయకుడి గొంతు మాయమైంది

ఇది చూసినవారు పాట ఫైలు చెడిపోయిందనుకుంటారు, కానీ లోపం కేబుల్‌లో ఉంది. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి వచ్చే స్టీరియో కేబుల్‌ను మిక్సర్‌లో ఒకే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు గుచ్చితే, ఆ ఇన్‌పుట్ ఎడమ, కుడి ధ్వనుల మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. గొంతు రెండింటిలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి కొట్టివేతకు గురవుతుంది. ఒకవైపు స్టీరియో పిన్, మరోవైపు రెండు మోనో పిన్‌లు ఉన్న కేబుల్‌తో రెండు ఇన్‌పుట్‌లకు కలిపితే గొంతు తిరిగి వస్తుంది. బెంగళూరు ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో ఇలాంటిది ఒకటి కొని సంఘం పెట్టెలో ఉంచుకోవడం మంచిది.

మాట పగిలినట్టు వస్తోంది, లేదా మధ్యలో తెగిపోతోంది

పగలడానికి కారణం సాధారణంగా గెయిన్ ఎక్కువ కావడమే. మాట్లాడబోయే వ్యక్తి అసలు గొంతుతోనే పలికిస్తూ ఎర్ర లైటు వెలగని స్థాయికి గెయిన్ తగ్గించి, లోటును ఫేడర్‌తో పూడ్చుకోవాలి. కార్డ్‌లెస్ మైకు తెగుతుంటే కొత్త బ్యాటరీలు వేసి, దాని సిగ్నల్ అందుకునే రిసీవర్‌ను టేబుల్ కింద నుంచి తీసి వేదిక కనిపించే ఎత్తులో పెట్టాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు ధభీమంటోంది

జనరేటర్ అందుకునేలోగా అన్నీ ఆగిపోయి, కరెంటు రాగానే ఒక్కసారిగా మేల్కొంటాయి. మిక్సర్ ఆన్ అయ్యేటప్పుడు పుట్టే కుదుపును అప్పటికే సిద్ధంగా ఉన్న ఆంప్లిఫైయర్ పెద్దది చేసి స్పీకర్‌కు పంపుతుంది, దానివల్ల స్పీకర్ దెబ్బతినవచ్చు. అందువల్ల కరెంటు పోగానే ఆంప్లిఫైయర్ స్విచ్ ఆపేసి, వచ్చాక ముందు మిక్సర్‌ను, చివరగా ఆంప్లిఫైయర్‌ను ఆన్ చేయాలి. కార్యక్రమం ముగిశాక ఆపేటప్పుడు ఆంప్లిఫైయర్‌ను ముందు ఆపాలి. మిక్సర్‌కు తక్కువ కరెంటే చాలు కాబట్టి దాన్ని కంప్యూటర్లకు వాడే చిన్న యూపీఎస్ మీద నడిపితే ఈ కుదుపే ఉండదు, డిజిటల్ మిక్సర్ అయితే మళ్లీ మొదలవడానికి పట్టే సమయం కూడా కలిసివస్తుంది.