అంబులెన్స్ డ్యాష్‌బోర్డు లైటు: ముందు కారుకు కనపడదు, మన కళ్లలోనే కొడుతుంది

డ్యాష్‌బోర్డు మీద పెట్టే వార్నింగ్ లైటు సరిగ్గా పని చేయడం లేదంటే వెంటనే కొత్తది కొనేస్తుంటారు. చాలాసార్లు లైటు బాగానే ఉంటుంది, పెట్టిన చోటో వైరింగో తప్పుంటుంది. అందుకే డబ్బు పెట్టే ముందు ఇవి చూసుకోండి. ఇంకో మాట. ఇది పైకప్పు మీది లైట్ బార్‌కు తోడే తప్ప, దానికి బదులు కాదు. ముందు బండి డ్రైవర్ వెనక్కి చూసే అద్దంలో పడడం వరకే దీని పని. పక్క సందులోంచి వచ్చే బైకుకు ఇది కనపడదు.

పగలు ముందు కారువాడికి కనపడడం లేదు

అన్నిటికంటే ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇదే. మిట్టమధ్యాహ్నం తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర సైరన్ మోగుతూనే ఉంటుంది, ముందు కారు కదలదు. లోపల అద్దాలు ఎక్కించి, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకున్న మనిషికి సైరన్ ఎటు నుంచి వస్తోందో తెలియదు. అద్దంలో లైటు మెరిస్తేనే తప్పుకుంటాడు.

మొదటి కారణం మన బండి ముందు అద్దమే (విండ్‌షీల్డ్). రూల్ ప్రకారం ముందు అద్దంలోంచి కనీసం 70 శాతం వెలుతురు దాటాలి. అంటే మంచి అద్దమైనా కొంత వెలుతురు మింగేస్తుంది. అద్దం ఎంత వాలుగా ఉంటే అంత ఎక్కువ వృథా అవుతుంది. దాని మీద దుమ్ము, లోపలి వైపు జిడ్డు ఉంటే చెప్పనక్కర్లేదు. లైటును పైన సన్‌వైజర్ దగ్గర పెడితే అక్కడి రంగు పట్టీ ఇంకొంత తినేస్తుంది.

రెండోది లైటు రకం. నలభై యాభై చిన్న ఎల్ఈడీలు కుక్కిన చౌక లైటు చేతిలో పట్టుకుని చూస్తే జిగేల్‌మంటుంది, ఎండలో మాత్రం తేలిపోతుంది. ఎల్ఈడీలు కొన్నే ఉన్నా ఒక్కోదానికి విడిగా లెన్స్ ఉన్న హైపవర్ లైటు వెలుతురును చెదరనీయకుండా ముందుకు తోస్తుంది. కాబట్టి ఎల్ఈడీల సంఖ్య చూసి కొనకండి. పెట్టె మీద ఈసీఈ ఆర్65, ఎస్ఏఈ జే595 క్లాస్ 1 లాంటి వార్నింగ్ లైట్ల ప్రమాణం ఉందా అని చూడండి.

మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు, అది ఎత్తు. ట్రావెలర్ లాంటి వ్యాన్లో డ్యాష్‌బోర్డు బాగా ఎత్తు. లైటు ముఖం కాస్త పైకి లేచినా వెలుతురు ముందు కారు పైనుంచి వెళ్లిపోతుంది.

దీనికి ఒక పరీక్ష ఉంది. ఎండగా ఉన్నప్పుడు ఖాళీ స్థలంలో బండి నిలిపి, సుమారు 50 మీటర్ల ముందు ఒక కారు పెట్టండి. ఆ కారు డ్రైవర్ సీట్లో ఒకరు కూర్చుని లోపలి అద్దంలో చూస్తూ ఫోన్లో చెబుతుంటే, మీరు లైటును కొద్దికొద్దిగా కిందికి వంచండి. మెరుపు సూటిగా అద్దంలో పడిన చోట బిగించండి. రెండు మోడళ్లలో ఏది కొనాలో తేలకపోతే రెండూ ఇలాగే పెట్టి చూడండి, షాపులో బల్ల మీద వెలిగించి చూస్తే ఏదీ తేలదు. ఇంత చేసినా పగలు కనపడకపోతే ఆ పని గ్రిల్‌లో పెట్టే లైట్లకు వదిలేయాలి. వాటికి అద్దం అడ్డం లేదు, ఎత్తూ సరిపోతుంది. నా లెక్కలో డబ్బు ఒకదానికే ఉంటే గ్రిల్ లైట్లకే పెట్టాలి.

రాత్రి మన కళ్లలోనే కొడుతోంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తిరుమల అశ్విని ఆసుపత్రి నుంచి పేషెంటును తీసుకుని ఘాట్ దిగుతున్నా, పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కుతున్నా, ప్రతి మెరుపుకీ అద్దం ఒకసారి తెల్లబడితే మలుపు కనపడదు. మంచు పట్టిన రోజున మరీ ప్రమాదం.

లైటుకీ అద్దానికీ మధ్య వేలు దూరేంత సందు ఉంటే చాలు, వెలుతురు అద్దానికి తగిలి వెనక్కి వస్తుంది. నల్ల రబ్బరు బీడింగ్ తెచ్చి లైటు చుట్టూ అంటించి, అది అద్దానికి ఆనుకునేలా జరపండి. చుట్టూ తొడుగు ఉన్న మోడల్ అయితే ఈ పని సగం తగ్గుతుంది. డ్యాష్‌బోర్డు మీద మెరిసే పాలిష్ కొట్టించారా? అది కూడా వెలుతురును కళ్ల మీదికి కొడుతుంది. లైటు ముందు నల్ల మ్యాట్ గుడ్డ పరిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఘాట్‌లో మంచు ఉంటే నైట్ మోడ్‌కు మార్చండి, ఆ మోడ్ లేకపోతే డ్యాష్ లైటు ఆపి పైలైటుతోనే దిగండి. ఆర్65 ప్రకారం మెరుపులు సెకనుకు 2 నుంచి 4. అంతకంటే గబగబా కొట్టే ప్యాటర్న్‌తో ఎదుటివాడికి మన దూరం అంచనా వేయడం కష్టం కావచ్చు.

సైరన్ వేయగానే లైటు మసకబారుతోంది

ఇది దాదాపు ఎప్పుడూ ఎర్త్ సమస్యే. 100 వాట్ల సైరన్ 12 వోల్టుల మీద 8 ఆంప్స్ పైనే లాగుతుంది. రెండింటికీ ఒకే సన్నని ఎర్త్ వైరు ఇస్తే లైటుకు వోల్టేజీ చాలదు. ఇంజిన్ ఆన్‌లో, సైరన్ మోగుతుండగా మల్టీమీటర్ పట్టండి. బ్యాటరీ దగ్గర 14 చూపించి లైటు దగ్గర 13 చూపిస్తే దారిలో ఒక వోల్టు పోతోందన్నమాట. లైటుకు విడిగా ఎర్త్ తీసి, బాడీ మీద పెయింటు గీకి, శుభ్రమైన బోల్టుకు బిగించండి. ప్లస్ వైరు ఫ్యూజు దాటి రావాలి.

గతుకుల్లో ఆరి వెలుగుతోంది

సిగరెట్ లైటర్ సాకెట్టులో ప్లగ్గు వదులు. ప్లగ్గు కొనలోని చిన్న ఫ్యూజు కూడా చూడండి. రోజూ పరుగెత్తే బండికి ప్లగ్గు లైటు వద్దు, స్విచ్ పెట్టి నేరుగా వైరింగ్ చేయించండి. ఆ వైరింగ్ ఇగ్నిషన్ మీదుగా పోవాలి. లేదంటే 2 ఆంప్స్ లైటు మరిచిపోయి పది గంటలు వదిలితే 20 ఆంపియర్-అవర్ హరీ, పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోవచ్చు.

సక్షన్ కప్పు ఊడిపోతోంది

మే ఎండలో నిలిపిన బండి డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి కప్పు గట్టిపడుతుంది, జిగురు కారుతుంది. స్క్రూ బ్రాకెట్టే మార్గం. అయితే ఎయిర్‌బ్యాగ్ మూత మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. బ్యాగు తెరుచుకుంటే ఆ లైటు పక్క సీట్లో ఉన్నవారి ముఖం మీదికే వస్తుంది.

వైర్‌లెస్ సెట్టులో గరగర

లైటు ఆపగానే శబ్దం పోతే తప్పు లైటు లోపల ఎల్ఈడీలకు కరెంటు ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్‌దే. దాని వైరును యాంటెన్నా కేబుల్‌కు దూరంగా జరిపి, లైటుకు దగ్గరగా ఫెర్రైట్ క్లిప్ (వైరు మీద బిగించే, గరగరను ఆపే చిన్న ముక్క) వేయండి. అయినా పోకపోతే అలాంటి చౌక లైటు ఎమర్జెన్సీ బండిలో ఉండకూడదు, మార్చేయండి.

పోలీసులు ఆపి తీయించారు

సేవ కోసమే అయినా సొంత కారులో పెట్టుకుంటే ఇదే జరుగుతుంది. 2017 మే 1 నుంచి మంత్రుల కార్లకే ఎర్రలైటు తీసేశారు, ఎమర్జెన్సీ బండ్లకు మాత్రమే మిగిల్చారు. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194ఈ కింద 10,000 రూపాయల జరిమానా ఉంది. ఆ దారి అంబులెన్సుగా రిజిస్టరైన బండిదే. మీది అలాంటి బండే అయితే, ఏ రంగు లైటు పెట్టవచ్చో ఫిట్‌నెస్‌కు వెళ్లే ముందే ఆర్‌టీవో ఆఫీసులో అడిగి బిగించండి.