పరిగెత్తే ఎద్దుని క్యాన్వాస్ మీద పరిగెత్తించడం ఎలా?

కనుమ వచ్చిందంటే చాలు, మన చంద్రగిరి పక్కన రంగంపేట పశువుల పండగ బొమ్మలు వేస్తానే ఉంటారు. కొమ్ములకి కట్టిన పలకలు, జనం అన్నీ కుదురుతాయి, ఎద్దు మాత్రం కదలదు. దాని వెనక నాలుగు గీతలు గీసేసి స్పీడ్ అంటారు, అది కార్టూన్ అండీ.

కావాల్సినవి: క్యాన్వాస్, ఆయిల్ రంగులు, అంగుళం ఫ్లాట్ బ్రష్, పాత బనియన్ గుడ్డ. ఆక్రిలిక్ వద్దు, తిరుపతి ఎండకి ప్లేట్లోనే ఎండిపోతుంది.

ముందు స్కెచ్. వీపు గీత ఏటవాలుగా ఉండాల, ముందర ఖాళీ వదలాల, తోక ఫ్రేమ్ బయటికి పోవాల్సిందే. ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా కూడా గుర్రాల్ని ఇట్టాగే అంచులో సగానికి కోసేసేవాడు.

కాళ్ళకి ఫోన్ ఫోటో చూసి కాపీ కొట్టద్దు. 1821లో జెరికో అనే ఫ్రెంచ్ చిత్రకారుడు వేసిన ఇంగ్లండ్ ఎప్సమ్ పందెం గుర్రాలు నాలుగు కాళ్ళూ చాపి గాల్లో ఉంటాయి, 1878లో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ పరిగెత్తే గుర్రాన్ని వరసగా ఫోటోలు తీస్తే తేలిందేంటంటే నాలుగూ గాల్లో ఉండేది కాళ్ళు కడుపు కిందికి ముడుచుకున్నప్పుడంట. అంటే జెరికోది తప్పే, అయినా ఆ గుర్రాలు దూసుకుపోతా ఉంటాయి, ఫోటో చూసి వేసిన మన ఎద్దు బిగుసుకుపోయి ఉంటుంది. కాబట్టి కొంచెం సాగదీయండి, పర్లేదు. 1912లో ఇటలీ చిత్రకారుడు బల్లా నడక చూపించడానికి కుక్కపిల్లకి బోలెడు కాళ్ళు వేశాడని మీరు ఎద్దుకి పన్నెండు పెట్టారంటే మాత్రం అది జెర్రి అవుతుంది.

రంగులు నింపేయండి. ఎద్దు వెనక భాగం, దాని వెనక బ్యాక్‌గ్రౌండ్ ముదురులో దగ్గర దగ్గరగా ఉండాల, లేదంటే తర్వాత చెరిపింది మరకలాగ కనపడుతుంది.

ఇప్పుడు అందరూ చెడగొట్టేది, అంచులు. మూతి, కొమ్ములు, ముందు గిట్ట, ఈ మూడే పదునుగా ఉండాల. తుంటి, వెనక కాళ్ళు తడిగా ఉన్నప్పుడే పొడి బ్రష్‌తో, ఎద్దు పోయే దిక్కుకి ఎదురు దిక్కులో, తేలిగ్గా ఒక్కసారి లాగండి. గుడ్డతో బ్రష్ తుడవండి, మళ్ళీ ఒక్కసారి. ముందుకీ వెనక్కీ రుద్దారా, అంతా బురదే. బాగుంది కదా అని తల కూడా చెరిపారంటే ఫోకస్ పోయిన ఫోటో అంతే. ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ 1844లో వేసిన రైలు చూడండి, ఇంజిన్ పొగగొట్టం ఒక్కటే నల్లగా గట్టిగా ఉంటుంది, మిగతా రైలంతా వానలో కలిసిపోతుంది. శ్రీకాళహస్తి కలంకారీ అలవాటైన చేతులకి ఇది ఇంకా కష్టం, అక్కడ నల్ల గీతతోనే అందం, ఇక్కడ ఆ గీత వెనక కాళ్ళ చుట్టూ తిరిగిందంటే ఎద్దుని కట్టేసినట్టే.

దుమ్ము ఆఖర్న. వెనక గిట్టల దగ్గర మాత్రమే, పల్చగా, బ్రష్ కొనతో. ముందు కాళ్ళ దగ్గర దుమ్ము లేపితే ఎద్దు బ్రేక్ వేసినట్టుంటుంది.