సముద్రపు నాచు దాణాలో కలిపితే కోళ్లు నీళ్లగా రెట్ట వేస్తున్నాయా? నా అనుభవం

నావి 40 నాటు పెట్టలు. సొన రంగు బాగుంటుందని భీమిలి రాళ్ల మీద పెరిగే పచ్చ నాచు ఎండబెట్టి, పొడి చేసి దాణాలో కలిపాను. నాలుగు రోజుల్లో రెట్ట నీళ్లలా, కింద ఊకంతా తడి, షెడ్డులో ఘాటు వాసన. నీళ్ల తొట్లు మార్చాను, నట్టల మందు పట్టాను, ఊకలో సున్నం చల్లాను. ఏదీ పనిచేయలేదు.

పెట్టలు నీళ్లు తెగ తాగుతున్నాయని గమనించి, నాచు పొడి చిటికెడు నాలుక మీద వేసుకున్నా. ఉప్పు కషాయం!

అప్పుడు ముందుగా పాత పొడి పూర్తిగా ఆపేశాను. కొత్త నాచును మంచినీళ్లలో మూడుసార్లు జాడించాను. మొదటి నీళ్లలో ఇసుక, చిన్న గవ్వలు కూడా దిగాయి. తర్వాత రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు పారబోసి, నీడలో పెళపెళలాడేదాకా ఆరబెట్టి దంచాను. 10 కిలోల దాణాకు 100 గ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 200 చేశాను. అసలు కీలకం ఇది: దాణాలో వేసే ఉప్పును 30 గ్రాముల నుంచి 15కి తగ్గించాను. దాణాలో కలిపే ఎండు చేపల పొడిలోనూ ఉప్పు ఉంటుంది కదా. ఉప్పు పూర్తిగా మానేయకండి, కోడికి అదీ కావాలి.

ఐదారు రోజుల్లో రెట్ట గట్టిపడింది. అప్పుడే వాతావరణం చల్లబడింది, దాని పాత్ర కూడా ఉండొచ్చు. గోధుమరంగు నాచుతో నేను చేయలేదు. ముందు నాలుగైదు పెట్టలకే పెట్టి చూడండి.