జంతువుల నడవడిక రాసుకుందాం – 4: పంది గూడు కట్టేటప్పుడు

పోయిన పాఠంలో ఐదు నిమిషాలకోసారి జంతువు ఏం చేస్తోందో రాసుకోవడం నేర్చుకున్నాం. గూడు కట్టే పందికి ఆ పద్ధతి చాలదు. ఏ పని తర్వాత ఏ పని చేసిందన్నదే ఇక్కడ అసలు సంగతి.

ఈనడానికి ఇంచుమించు ఒక రోజు ముందు నుంచి ఆడ పంది నిలకడగా ఉండదు. ముట్టెతో, ముందుకాళ్లతో నేలను గుంట చేస్తుంది. గడ్డి, ఆకులు, కొమ్మలు నోట కరుచుకొచ్చి అందులో పరుస్తుంది. ఒంట్లో హార్మోన్లు చేయించే పని ఇది. అందుకే ఉత్త సిమెంటు నేల మీద కట్టేసినా కాళ్లతో గీరుతూనే ఉంటుంది. అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఒక మోపు గడ్డి వేస్తే పోయేదేముంది?

ప్యారిస్‌లో ఝార్దాన్ దె ప్లాంత్ జూ ఉంది. ఫిలిప్పీన్స్‌లోని విసాయన్ దీవుల అడవి పందులను అక్కడ పెంచేవారు. 2015లో మెరెడిత్ రూట్-బెర్న్‌స్టీన్ అనే పరిశోధకురాలు వాటిలో ప్రిసిల్లా అనే ఆడ పందిని గమనించారు. అది ఆకులు తెచ్చి వేసింది, వాటిని ఇంకో చోటికి జరిపింది, ముట్టెతో కాస్త తవ్వింది. అంతలో అక్కడే పడి ఉన్న బెరడు ముక్కను నోట పట్టుకుంది. 10 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు ఉంటుందేమో. దాంతో మట్టిని లేపి వెనక్కి తోస్తూ చకచకా తవ్వింది! పందులు పనిముట్టు వాడతాయని అంతకుముందు ఏ పరిశోధనా పత్రంలోనూ రాలేదు. ఈ సంగతి 2019లో అచ్చయింది.

నోట్‌బుక్‌లో ‘గూడు కడుతోంది’ అని రాసి ఊరుకుని ఉంటే ఆ బెరడు సంగతి అక్కడే పోయేది. కాబట్టి ఉద్దేశం రాయకండి, కదలిక రాయండి. ఒక్కో పనికి ఒక్కో అక్షరం పెట్టుకోండి: ఆకులు తేవడం ‘తె’, జరపడం ‘జ’, ముట్టెతో తవ్వడం ‘ము’, కాలితో గీరడం ‘కా’. ప్రిసిల్లా పని మన పుస్తకంలో ‘తె–జ–ము–?’ అని ఉంటుంది. ఆ ప్రశ్న గుర్తు పక్కనే నోట్లో ఏముంది, మట్టి ఎటు పడింది అన్నవి వెంటనే రాసేయాలి. తర్వాత రాద్దాంలే అనుకుంటే గుర్తుండవు.

అభ్యాసం: మీ ఊళ్లో ఈనబోయే పంది ఉంటే, పెంచేవాళ్లను అడిగి, దూరంగా కూర్చుని అరగంట చూడండి. దగ్గరికి వెళ్లొద్దు, మీదికొస్తుంది. అక్షరాలన్నీ ఒకే వరుసలో రాసి దాచుకోండి. ‘ము’ తర్వాత ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో వచ్చే పాఠంలో లెక్క కడదాం.