సుమో చూడటం నేర్చుకుందాం, 4వ పాఠం: గున్‌బాయ్ లేచింది, అయితే?

ఈసారి గెలిపించే పట్టుల గురించి రాద్దామనుకున్నాను కానీ పోయిన పాఠానికి మీరు పంపిన జవాబులు చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. పట్టు సరిగ్గానే గుర్తుపట్టి, గెలిచింది తూర్పు వైపు మల్లుడా పడమర వైపు మల్లుడా అనే దగ్గర చాలామంది తారుమారు చేశారు. కారణం తెలిసిపోతూనే ఉంది, బన్‌జుకె, అంటే మల్లుల హోదాల జాబితా, ముందు పెట్టుకుని చూశారు. జాబితాలో తూర్పు కుడివైపు ఉంటుంది, టీవీలో ఎడమవైపు. కెమెరా ఉత్తరం అనుకునే వైపు నుంచి దక్షిణానికి చూస్తుంది కాబట్టి. హాలు నిజంగా ఏ దిక్కుకు కట్టారన్నది అనవసరం. పోటీ మొదలయ్యేముందు గ్యోజి, అంటే రిఫరీ, అవతలి వైపు మనకేసి తిరిగి నిలబడతాడు, అప్పుడు అతని కుడిచెయ్యి తూర్పు. ఇది రానివాళ్లు జాబితా మూసేసి చూడండి.

ఇక గున్‌బాయ్. గెలిచినవాడి వైపు చూపించడానికి గ్యోజి చేతిలో ఉండేది ఇదే. మన విసనకర్రలాగే ఉంటుంది, కాకపోతే గట్టి చెక్క, మడత పడదు. ఒకప్పుడు సేనాపతులు దీంతోనే సైన్యానికి సైగ చేసేవాళ్లు. 1561లో కవనకజిమా యుద్ధంలో తకెదా షిన్‌గెన్ అనే సేనాపతి తన మీదికొచ్చిన కత్తివేటును దీంతోనే అడ్డుకున్నాడని ఒక కథ కూడా ఉంది. కుచ్చు రంగు గ్యోజి హోదా చెబుతుంది: అందరికన్నా పైన ఉన్న కిముర షోనోసుకెది ఊదా, తర్వాతి షికిమోరి ఇనోసుకెది ఊదా-తెలుపు (ఈ రెండూ హోదాతో పాటు వచ్చే పేర్లు). మిగతా రంగులు చూస్తూ చూస్తూ అవే వస్తాయి.

అసలు చిరాకు తెప్పించేది ఇది. గున్‌బాయ్ లేవగానే "అయిపోయింది" అని రాసేసి టీవీ కట్టేస్తున్నారు. అయిపోలేదు! ఇద్దరూ ఒకేసారి పడ్డట్టున్నా సరే, గ్యోజి ఎవరో ఒకరి వైపు చూపించి తీరాలి, "తెలియలేదు" అనే వీలు అతనికి లేదు. అనుమానం వస్తే కింద కూర్చున్న ఐదుగురు న్యాయనిర్ణేతలు పైకెక్కి మాట్లాడుకుంటారు, అదే మోనో-ఈ. గ్యోజి తన మాట చెప్పుకోవచ్చు గానీ ఓటు లేదు. గున్‌బాయ్ మాట నిలబడొచ్చు, తిరగబడొచ్చు, లేదా మళ్లీ ఆడిస్తారు. పై ఇద్దరు గ్యోజీల నడుముకి చిన్న కత్తి ఉంటుంది, తప్పు తీర్పిస్తే కడుపు చీల్చుకుంటామన్న పాత గుర్తు. ఇప్పుడు తీర్పు తిరగబడితే రాజీనామాకి సిద్ధమని చెప్పుకుంటారు, మామూలుగా ఒప్పుకోరు.

పోనీ న్యాయనిర్ణేతలదే ఎప్పుడూ రైటా అంటే అదీ కాదు. 1969 మార్చిలో వరసగా 45 పోటీలు గెలిచిన తైహో అనే మల్లుడు, తోదా అనే మల్లుడితో ఆడాడు. గ్యోజి తైహోకే చూపించాడు, మోనో-ఈలో తిప్పేశారు, వరస తెగింది. తోదా కాలే ముందు బయట పడిందని ఫొటోలు చూపించాయి. తర్వాతి టోర్నమెంటు నుంచి వీడియో చూడటం మొదలైంది.

నా పద్ధతి ఒకటి చెబుతాను. చివరి క్షణంలో నేను మల్లుల మొహాలు చూడను, బరి చుట్టూ ఉండే గడ్డి కట్టల బయట చదును చేసిన సన్న ఇసుక మీదే చూపు పెడతాను. మడమ తగిలితే గుర్తు పడుతుంది. ఆ ఇసుకను ఊడ్చి ఉంచేదే అందుకు.

అభ్యాసం: ఏదైనా ఒక రోజు మకూచి (అన్నిటికన్నా పై తరగతి) పోటీలన్నీ సౌండ్ తీసేసి చూడండి. చేతిలో విసనకర్ర పట్టుకుని, గ్యోజి కన్నా ముందే ఒకవైపు చూపించండి. ఆగి ఆలోచిస్తే తప్పు కిందే లెక్క, రీప్లే చూసి మార్చుకోవడం లేదు. మోనో-ఈ జరిగినవి విడిగా రాసి, మీరు గ్యోజి వైపా, నిర్ణేతల వైపా, ఎవరి కాలు ఎక్కడ తగిలిందో చూసి చెప్పండి.