ఇంగ్లీషు స్వయంబోధిని – 14వ పాఠం: ‘రన్’ పరుగెత్తని చోట్లు

గత పాఠం చివర ‘అలిపిరి నుంచి తిరుమలకు నడిచి వెళ్ళడానికి మూడు గంటలు పడుతుంది’ అనే వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమన్నాను. ‘ఇట్ టేక్స్ త్రీ అవర్స్ టు వాక్ ఫ్రమ్ అలిపిరి టు తిరుమల’ అన్నది సరైన జవాబు. మొదట ఉండవలసిన ‘ఇట్’ను వదిలేసినవారు ఆ వాక్యాన్ని మరొక్కసారి రాసి ఈ పాఠంలోకి రండి.

ఈసారి మాట ‘రన్’. ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు 1989 నాటి రెండవ కూర్పులో అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టిన క్రియ ‘సెట్’ కాగా, తరువాత జరిగిన సవరణలో ‘రన్’ దానిని దాటిపోయి, క్రియగానే 645 అర్థాలతో నిలిచింది. అవన్నీ నేర్చుకోవాలని ఎవరూ బెంగపడనక్కరలేదు; పదిహేను చేతికి వస్తే నిత్యవ్యవహారం సాగిపోతుంది. ఆ పదిహేనింటిలోనూ ‘పరుగెత్తు’ అన్న అర్థానికి పని తక్కువ.

తిరుపతి గాంధీ రోడ్డులో టిఫిన్ హోటల్ నడిపే ఒకాయన కుమారుడు కొన్నేళ్ళ క్రితం నా దగ్గర చదువుకునేవాడు. తండ్రి వృత్తి గురించి రాయమంటే ‘మై ఫాదర్ డ్రైవ్స్ ఎ హోటల్’ అని రాశాడు. ఆ అబ్బాయి తర్కంలో లోపం లేదు. బస్సు నడపడానికి ‘డ్రైవ్’ అని నేర్చుకున్నాడు. తెలుగులో హోటల్‌నూ నడుపుతాము కనుక అదే మాట వాడాడు. అయితే దుకాణం, బడి, సంస్థ వంటి వాటిని నడిపే చోట ఇంగ్లీషుకు కావలసింది ‘రన్’: ‘మై ఫాదర్ రన్స్ ఎ హోటల్.’ మనం నడిపే చోట వాళ్ళు పరుగెత్తిస్తారన్న ఈ ఒక్క పోలికను మనసులో పెట్టుకుంటే సగం పాఠం వచ్చినట్టే.

బస్సుల విషయంలోనూ ఇంతే. తెలుగులో బస్సులు నడుస్తాయి, ఇంగ్లీషులో ‘రన్’ అవుతాయి. ఇక్కడ చాలామంది తడబడేది మాట దగ్గర కాదు, కాలం దగ్గర. ‘ఈ బస్సు రోజూ నడుస్తుంది’ అంటే నిత్యం జరిగే పని, కాబట్టి ‘దిస్ బస్ రన్స్ ఎవ్రీ డే.’ ‘ఈ రోజు బస్సు ఆలస్యంగా నడుస్తోంది’ అంటే ఇప్పుడు జరుగుతున్న పని, కాబట్టి ‘టుడే ద బస్ ఈజ్ రన్నింగ్ లేట్.’ నడుస్తుంది, నడుస్తోంది అన్న తేడాను మన భాష ఎంత స్పష్టంగా చూపుతోందో గమనించండి. ముందు తెలుగు వాక్యాన్ని సరిగ్గా చెప్పుకున్నవారికి ‘ఇట్ ఈజ్ రన్నింగ్ ఎవ్రీ డే’ అనే పొరపాటు రాదు.

కదలని దారికి కూడా ఇదే క్రియ వాడతారు. ‘టూ ఘాట్ రోడ్స్ రన్ బిట్వీన్ తిరుపతి అండ్ తిరుమల.’ 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు కొండ దిగడానికి, 1974 నాటి రెండవది ఎక్కడానికి. ఆ రెండూ ఉన్నచోటే ఉన్నా వాక్యంలో మాత్రం సాగుతున్నాయి. మనమూ ‘ఈ దారి పాకాల మీదుగా చిత్తూరుకు పోతుంది’ అంటాము కదా, ఇది మనకు కొత్త కాదు. ఇలాంటి చోట ‘రన్నింగ్’ రాయకూడదు: ‘ద రైల్వే లైన్ ఫ్రమ్ తిరుపతి టు కాట్పాడి రన్స్ త్రూ చిత్తూరు.’

ఈ మాటకు నాకు అన్నిటికన్నా ఇష్టమైన అర్థాలు ద్రవాలకు సంబంధించినవి. తెలుగులో నీరు పారుతుంది, ముక్కు కారుతుంది, రంగు పాకుతుంది లేదా దిగుతుంది. ఇంగ్లీషులో అన్నిటికీ ‘రన్’ ఒక్కటే. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల, కలం నుంచి దిగిన రంగు గీత దాటి పక్కకు పాకదు. దీన్ని ‘ద కలర్ డజ్ నాట్ రన్’ అనాలి. ఆ గుడ్డనే తరువాత పారే నీటిలో జాడిస్తారు. అది ‘రన్నింగ్ వాటర్.’ ఒకే గుడ్డ మీద ఒక ‘రన్’ జరగకూడదు, మరొకటి జరగాలి. ఇంటి విషయంలో ‘రన్నింగ్ వాటర్’ అంటే కుళాయిలో వచ్చే నీరు అని కూడా గుర్తుంచుకోండి. ముక్కు కారుతుంటే ‘మై నోజ్ ఈజ్ రన్నింగ్.’

సినిమా వంద రోజులు ఆడితే ‘ద ఫిల్మ్ ర్యాన్ ఫర్ ఎ హండ్రెడ్ డేస్.’ ఎన్నికల్లో పోటీ చేయడానికి ‘రన్ ఫర్’ అనడం అమెరికా అలవాటు. మన పత్రికలు ‘కంటెస్ట్’ అనే రాస్తాయి, మీరూ అదే రాయండి. రూపాలు మూడు: రన్, ర్యాన్, రన్. మూడవ రూపం మొదటిదే కనుక ‘హ్యాజ్ ర్యాన్’ తప్పు, ‘హ్యాజ్ రన్’ ఒప్పు.

చిన్న మాట తోడైతే అర్థం మారిపోతుంది. బియ్యం అయిపోతే ‘రైస్ ఈజ్ ఓవర్’ అనడం మనలో పరిపాటి, కానీ ‘వియ్ హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ రైస్’ అనడమే మేలు. తెలుగులో అయిపోయేది బియ్యం. ఈ ఇంగ్లీషు వాక్యంలో కర్త మనం. ‘రన్ ఇన్‌టు’ అంటే మనిషి విషయంలో అనుకోకుండా ఎదురుపడడం, గోడ విషయంలో గుద్దుకోవడం. ‘రన్ ఓవర్’ అంటే వాహనంతో తొక్కించడం. దీన్ని ‘రన్ ఇన్‌టు’తో కలగలిపితే వినేవారు హడలిపోతారు కాబట్టి జాగ్రత్త వహించండి.

అభ్యాసానికి ఐదు వాక్యాలు: ‘ఈ బస్సు ఆదివారం నడవదు.’ ‘మా అత్త పుత్తూరులో బట్టల కొట్టు నడుపుతుంది.’ ‘ఈ చీర ఉతికితే రంగు దిగుతుందా?’ ‘ఇంట్లో చక్కెర అయిపోయింది.’ ‘నిన్న గోవిందరాజస్వామి గుడి దగ్గర మా పాత మాస్టారు ఎదురుపడ్డారు.’ ముందు పైకి చదివి, తరువాత రాయండి. చివరి వాక్యంలో తెలుగుకు కర్త మాస్టారే అయినా, ఇంగ్లీషు వాక్యాన్ని ‘ఐ’తో మొదలుపెట్టండి. జవాబులు ‘గెట్’ పాఠం మొదట్లో ఉంటాయి.